రోజుకి ఒక్క ప్రశ్న: చింతపల్లి చలిలో ఒక డీజిల్ మేస్త్రి పనితనం

పాత డీజిల్ వ్యాన్లకి చలికాలం పొద్దున్నే వచ్చే ఇబ్బందిలో ఒక చిక్కు ఉంది. అది రోజుకి ఒక్కసారే కనబడుతుంది. రాత్రంతా కదలకుండా నిలబడి చల్లబడ్డ ఇంజన్‌కి మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు లోపమంతా బయటపడుతుంది. చాలాసేపు తిప్పితే గాని ఇంజన్ అందుకోదు. అందుకున్నాక బండి మొత్తం వణుకుతుంది. సైలెన్సర్ నుంచి కళ్లు మండించే తెల్లపొగ వస్తుంది. నాలుగు దెబ్బల్లో ఒక దెబ్బ తప్పుతుంది. నాలుగైదు నిమిషాలు గడిస్తే అంతా సర్దుకుంటుంది. షెడ్డు తలుపులు తీసే వేళకి ఆ బండి ఏ లోపమూ లేనట్టు నడుస్తుంది. అప్పుడు ఓనరు చెప్పిన మాటల్ని బట్టి ఊహించి, హీటర్ ప్లగ్గులో నాజిళ్లో మార్చి పంపించేస్తారు. మర్నాడు తెల్లవారితే మళ్లీ అదే పొగ, అదే వణుకు.

అందుకే ఈ లోపాన్ని పట్టుకునే పనితనం స్పానర్ చేతికి తీసుకోకముందే మొదలవుతుంది. చల్లటి ఇంజన్ రోజుకి ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న ఏదై ఉండాలో ముందురోజు సాయంత్రానికే తేల్చుకోగలిగినవాడు మంచి మేస్త్రి. అలాంటి ఒక మేస్త్రి పనిని చింతపల్లిలో దగ్గరుండి చూసే అవకాశం నాకు దొరికింది. ఆ పనిని, అందులోని వరసని, ఆ వరస వెనకున్న ఆలోచనని పాఠకులకి పరిచయం చేయాలనే ఈ వ్యాసం.

చలి ఊరు, పాత బండి

చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి, లంబసింగి దాటి వెళ్లాలి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ చుట్టుపక్కల తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగడం మామూలు. కొన్నేళ్లు సున్నా దగ్గరిదాకా పోతుంది. కింద మైదానంలో తాళం తిప్పగానే అందుకునే బండి ఈ నెలల్లో కొండమీద మొండికేస్తుంది. సంతలకి మనుషుల్ని, పసుపు, మిరియాలు, కాఫీ గింజల బస్తాల్ని చేరవేసే వ్యాన్లు తెల్లారకముందే కదలాలి. పొద్దున పోయిన గంట ఆ రోజు బేరాన్నే దెబ్బతీస్తుంది.

నేను చూసిన బండి పాత టెంపో ట్రావెలర్. బజాజ్ టెంపో కంపెనీ ఈ వ్యాన్‌ని 1987లో తెచ్చింది. 2005లో ఆ కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారింది. ఇంజన్ మెర్సిడెస్ బెంజ్ వాళ్ల ఓఎం 616. లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారుచేశారు. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. ఈ ఇంజనే 1973 నుంచి జర్మనీలో 240డి కార్లకి ఉండేది. టాక్సీగా లక్షల కిలోమీటర్లు తిరగ్గలదని దానికి పేరు. ఈ ఇంజన్‌లో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. స్కానర్ తగిలించి కోడ్ చదువుదామంటే తగిలించే చోటే లేదు. డీజిల్‌ని కొలిచి పంపే పంపు కూడా పూర్తిగా ఇనుముతో, స్ప్రింగులతో నడిచేదే. మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని మైకో పంపు అనే అంటారు. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా, షెడ్డుల్లో ఆ పేరు పోలేదు. ఇలాంటి ఇంజన్ దగ్గర ఆధారపడగలిగింది మేస్త్రి చెవి, కన్ను, చెయ్యి, వీటన్నిటినీ నడిపించే తర్కం.

నిప్పురవ్వ లేని మంట

ఆయన పని అర్థం కావాలంటే ముందు ఈ ఇంజన్‌లో మంట ఎలా పుడుతుందో తెలియాలి. పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు నిప్పు ముట్టిస్తుంది. డీజిల్‌లో ముట్టించేది ఏమీ లేదు. 1890ల్లో రుడాల్ఫ్ డీజిల్ పట్టుకున్న సూత్రం అది: గాలిని గట్టిగా నొక్కితే దానంతటదే వేడెక్కుతుంది, ఆ వేడిగాలిలోకి నూనె చిమ్మితే అదే అంటుకుంటుంది. ఓఎం 616లో పిస్టన్ గాలిని ఇరవై ఒకటో వంతుకి నొక్కుతుంది. ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. డీజిల్ అంటుకోవడానికి అందులో సగం చాలు.

చిక్కంతా చలిలో వస్తుంది. రాత్రంతా చల్లబడ్డ ఇనుము ఆ వేడిని క్షణంలో పీల్చేస్తుంది. సెల్ఫ్ మోటారు ఇంజన్‌ని నిదానంగా తిప్పుతుంది కాబట్టి నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి, వాల్వుల అంచుల్లోంచి జారిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. పైగా ఈ ఇంజన్‌లో డీజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మదు. హెడ్‌లో ఒక చిన్న గది ఉంటుంది, మంట ముందు అక్కడ మొదలై చిన్న రంధ్రాల గుండా సిలిండర్లోకి దూకుతుంది. బెంజ్ కంపెనీ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ 1909లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. ఇంజన్ మెత్తగా నడవడానికి ఈ గది చాలా ఉపకరిస్తుంది. కానీ దాని గోడలు వేడిని తాగేస్తాయి. అందుకే ప్రతి గదిలోనూ ఒక హీటర్ ప్లగ్గు పెట్టారు. తాళం తిప్పగానే అది ఎర్రగా కాలి, మొదటి మంటకి ఊతమిస్తుంది.

అంటే పొద్దుటి మంటకి మూడు కావాలి: తగినంత వేడి, సరైన వేళకి నాజిల్ నుంచి సన్నటి తుంపరగా పడే డీజిల్, జారిపోకుండా నొక్కుడుపడ్డ గాలి. ఈ మూడింటిలో ఏది కొరవడినా బయటికి కనిపించేది ఒకటే: తెల్లపొగ, వణుకు. తెల్లపొగ అంటే చిమ్మిన డీజిల్ కాలకుండా ఆవిరై బయటికొచ్చిందని అర్థం. కారణాలు పది, కనిపించే రూపం ఒకటి. ఇక్కడే ఊహించేవాడికీ తేల్చేవాడికీ తేడా తెలుస్తుంది.

ముందు మాటలు

డ్రైవరు బండి తెచ్చేసరికి మధ్యాహ్నం అయింది. హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేయించాననీ, నాజిళ్లు కూడా మార్చేయమంటున్నారనీ చెప్పాడు. మేస్త్రి బానెట్ ఎత్తలేదు. "ఏటవుతోందో మొదట్నించీ చెప్పు బాబూ" అన్నారు.

ఆ తర్వాత అడిగినవన్నీ చిన్న ప్రశ్నలే. రాత్రంతా ఆగితేనే ఇలా అవుతోందా, సంతలో రెండు మూడు గంటలు ఆగినా అవుతోందా? బండి ఎత్తుకి ముఖం పెట్టి ఆపినప్పుడు ఎక్కువా, పల్లానికి ఆపినప్పుడా? అందుకుని మళ్లీ ఆగిపోతోందా, అందుకున్నాక కుంటుతోందా? పొగ తెలుపా, నీలమా, నలుపా? రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయా? ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగుతోందా?

ఒక్కో ప్రశ్నకీ వెనక ఒక్కో అనుమానం ఉంది. అందుకుని వెంటనే ఆగిపోతే డీజిల్ పైపులోకి గాలి చేరుతోందని అనుమానించాలి. రాత్రిపూట డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది, పైపులో మిగిలిన కాస్తతో ఇంజన్ అందుకుని, అది అయిపోగానే ఆగుతుంది. బండి ఆపిన వాలుని బట్టి ఇది మారుతుంది. నీలం పొగైతే ఇంజనాయిల్ కాలుతోంది. తెల్లపొగతో పాటు నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. డ్రైవరు జవాబులతో ఇవన్నీ పక్కకి పోయాయి. రాత్రంతా ఆగితేనే ఇబ్బంది, అందుకున్నాక ఆగదు, కుంటుతుంది, తెల్లపొగ, నీళ్లు తగ్గడం లేదు, ఘాట్‌లో బాగానే లాగుతోంది.

"బండి ఇక్కడే వదిలెళ్లు. రాత్రికి ఎవరూ తాళం తిప్పకూడదు" అన్నారు మేస్త్రి. వేడి బండిని చూసి ఏదీ చెప్పను అన్నది ఆయన నియమం. సాయంత్రం వచ్చిన ఇంకో ఓనరు, చూసి ఏదో ఒకటి చెప్పమని బతిమాలినా ఆయన ఆ నియమం సడలించలేదు.

చల్లటి నిమిషాల్లో

తెల్లవారుజామున ఆయన చేసిన మొదటి పని అరచేయి ఇంజన్ హెడ్‌మీద పెట్టి చూడడం. నిజంగా చల్లగా ఉందని రూఢి చేసుకున్నాకే శిష్యుణ్ణి సీట్లో కూర్చోబెట్టారు. శిష్యుడు ఐటీఐ చదివిన కుర్రాడు. బ్యాటరీ వోల్టేజి చూసి, ఎర్త్ వైరు బిగుతు చూసి, హీటర్ ప్లగ్గులకి కరెంటు చేరుతోందో లేదో టెస్ట్ బల్బుతో చూశారు. తర్వాత డీజిల్ పోకుండా ఆపి ఊరికే సెల్ఫ్ కొట్టమన్నారు.

అప్పుడు ఆయన కళ్లు మూసుకుని విన్నారు. నాలుగు సిలిండర్లూ గాలిని ఒకేలా నొక్కుతుంటే సెల్ఫ్ మోటారు చప్పుడు ఒకే తూకంలో సాగుతుంది. ఒక సిలిండరు గాలిని పట్టలేకపోతే, ఆ వంతు వచ్చినప్పుడు మోటారుకి బరువు తగ్గి చప్పుడు ఒక్క క్షణం తేలికవుతుంది. నలుగురు కలిసి దంచుతున్న రోట్లో ఒక రోకటి పోటు తేలిపోతే ఎలా వినబడుతుందో అలా. నాకు ఆ తేడా అందలేదు. ఆయన మాత్రం "కొంచెం తేలుతోంది" అని ఊరుకున్నారు. ఆ మాటని తీర్పుగా తీసుకోలేదు. మనసులో పెట్టుకున్నారంతే.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేశారు. పొగ కమ్మింది, బండి ఊగింది. ఇంజన్ వేడెక్కేలోపు ఉన్నవి కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో ఏం చేయాలో ఆయనకి ముందే తెలుసు. నాజిళ్లకి వెళ్లే హై ప్రెషర్ పైపుల నట్లని స్పానర్‌తో ఒక్కొక్కటీ కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించారు. నట్టు వదులు చేస్తే ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు. పనిచేస్తున్న సిలిండరైతే ఇంజన్ ఇంకా కుంటుతుంది. పనిచేయనిదైతే ఏ మార్పూ ఉండదు. ఒకటోది వదులు చేస్తే ఇంజన్ చతికిలబడింది. రెండోదీ అంతే. మూడోది వదులు చేసినప్పుడు చప్పుడులో తేడా లేదు. నాలుగోది మళ్లీ మామూలే.

షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో 1, 2, 3, 4 అని గళ్లు గీసి, మూడో గడిలో సున్నా చుట్టారు. వదులు చేసిన నట్టు దగ్గర మూడో పైపు నుంచి కూడా మిగతా వాటితో సమానంగానే డీజిల్ ఎగజిమ్మిందని పక్కన రాశారు. పంపు ఆ సిలిండర్‌కి డీజిల్ పంపుతోందని దానికి అర్థం.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ పరీక్ష పాత మెకానికల్ పంపుల బండ్లకే. వాటి దగ్గర కూడా చిమ్మే డీజిల్‌కి చెయ్యి అడ్డం పెట్టకూడదు, గుడ్డ కప్పి చేయాలి. కొత్త కామన్ రైల్ బండ్లలో పీడనం వెయ్యి బార్లు కూడా దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. నడుస్తున్న కామన్ రైల్ ఇంజన్‌కి ఈ నట్లు ముట్టుకోవద్దు.

ఆ కొద్ది నిమిషాల ఫలితం చాలా పెద్దది. చలిలో డీజిల్ బండి లోపాలు రెండు రకాలు. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, హీటర్ రిలే, ఫిల్టరు, గాలి చేరిన పైపు, పంపు టైమింగ్, మరీ చలైతే డీజిల్‌లోని మైనం గడ్డకట్టడం: ఇవన్నీ నాలుగు సిలిండర్లకీ ఉమ్మడి లోపాలు. హీటర్ ప్లగ్గు, నాజిల్, పంపులోని ఎలిమెంటు, కంప్రెషన్: ఇవి ఏ సిలిండర్‌కి ఆ సిలిండరు. మూడోది ఒక్కటే తప్పుతోందని తేలగానే ఉమ్మడి అనుమానాలన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. టైమింగ్ చూడాలని, ట్యాంకు దించాలని, రిలే మార్చాలని ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఖర్చంతా వృథా అయ్యేది.

ఒక్క పొద్దుతో మూడు జవాబులు

పగలంతా ఇంజన్ వేడిగానే ఉంది. వేడి ఇంజన్‌తో చేయదగిన పనులు ఆ పగలు చేశారు. హీటర్ ప్లగ్గులు విప్పి ఒక్కొక్కదాన్ని బ్యాటరీకి తగిలించి చూశారు. మంచి ప్లగ్గు మొన దగ్గర ముందు ఎర్రబడుతుంది. నడుము దగ్గర ముందు కాలే ప్లగ్గుకి కరెంటు వెళ్లినా పని తక్కువ. మీటరు పెడితే మంచి ప్లగ్గు నిరోధం ఒక ఓమ్ కంటే తక్కువే చూపిస్తుంది. నాలుగూ బాగానే ఉన్నాయి.

తర్వాత నాజిళ్లు. టెస్టర్‌కి బిగించి హ్యాండిల్ నొక్కితే ఈ ఇంజన్ నాజిల్ 115 నుంచి 125 బార్ల మధ్య తెరుచుకోవాలి. వాడినవైతే 100 దాకా తగ్గినా నడుస్తాయి. తెరుచుకునేటప్పుడు చర్రుమనే చప్పుడు రావాలి, తుంపర సన్నటి శంకువులా పడాలి. పీడనాన్ని తెరుచుకునే అంకెకి కాస్త కింద పది సెకన్లు నిలిపి ఉంచితే మొన దగ్గర బొట్టు కట్టకూడదు. మేస్త్రి ప్రతిసారీ నాజిల్ మొనని కాగితంతో తుడిచి, బొట్టు కోసం వంగి చూశారు. నాలుగూ పాసయ్యాయి.

ఈ దశలో చాలామంది నాజిళ్లూ ప్లగ్గులూ మంచివేనని తీర్మానించి ముందుకు పోతారు. ఆయన పోలేదు. టెస్టర్ మీద నాజిల్ చిమ్మేది చల్లటి గదిలోకి, ఇంజన్‌లో చిమ్మేది నొక్కుడుపడ్డ వేడిగాలిలోకి. ప్లగ్గు కూడా బయట కాలడం వేరు, లోపల కాలడం వేరు. టెస్టర్ చెప్పినదాన్ని ఇంజన్ కూడా ఒప్పుకోవాలి. దానికి ఆయన వేసిన ఎత్తు ఈ పనిలోకెల్లా నాకు నచ్చిన భాగం.

మూడో నాజిల్‌ని ఒకటో సిలిండర్‌కి, ఒకటోదాన్ని మూడుకి మార్చారు. మూడో హీటర్ ప్లగ్గుని మాత్రం రెండో సిలిండర్‌కి మార్చారు. నాజిళ్ల కింద వాషర్లు కొత్తవి వేసి, టార్క్ రెంచితో బిగించారు. ఇప్పుడు మర్నాడు పొద్దున తప్పుడు దెబ్బ ఒకటో సిలిండర్‌కి పోతే లోపం నాజిల్‌ది. రెండుకి పోతే లోపం ప్లగ్గుది. మూడులోనే ఉండిపోతే రెండూ నిర్దోషులు. ఒక్క చల్లటి స్టార్టుతో మూడు జవాబుల్లో ఏదో ఒకటి ఖాయంగా దొరుకుతుంది. నాజిల్, ప్లగ్గు రెండింటినీ ఒకే సిలిండర్‌కి మార్చి ఉంటే ఏది దోషో మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చేది. కొత్తవి వేసేసి ఉంటే, బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలిసేది కాదు. కొత్త సామాను ఏదీ కొనకుండా, ఉన్న సామానుని చోటు మార్చి రాబట్టిన జ్ఞానం అది. ఏ ప్రయోగశాలలోనైనా గౌరవించదగిన పద్ధతి.

ఆ పగలు ఇంకో చిన్న పని కూడా జరిగింది. నాజిళ్ల మీది రిటర్న్ పైపులు బీటలు వారి ఉన్నాయి. అవి మార్చారు. "ఇవి మార్చాలి కాబట్టి మార్చాం. మన లోపం మాత్రం వీటిది కాదు" అని శిష్యుడికి చెప్పారు. మార్చిన ప్రతిదాన్నీ కారణంగా చెప్పుకోకపోవడం కూడా నిజాయితీయే.

మర్నాడు తెల్లవారుజామున తప్పుడు దెబ్బ మూడో సిలిండర్‌లోనే ఉంది.

గేజ్ మాట, ఆకు మందం మాట

నాజిల్ కాదు, ప్లగ్గు కాదు, పంపు డీజిల్ పంపుతోంది. మిగిలింది కంప్రెషన్. తర్వాతి పొద్దున ఆయన ఇంజన్ స్టార్ట్ చేయనివ్వలేదు. ఆ రోజు ప్రశ్న గేజ్‌ది. చల్లటి ఇంజన్ మీదే కొలవాలి, ఎందుకంటే లోపం ఉన్నది చల్లదనంలోనే. హీటర్ ప్లగ్గులు నాలుగూ తీసి, డీజిల్ ఆపి, బ్యాటరీ మధ్యలో నీరసపడకుండా రెండో బ్యాటరీ కలిపి, ప్రతి సిలిండర్‌కీ సెల్ఫ్ సమానంగా కొట్టి కొలిచారు. ఈ సమానత్వం మీద ఆయనకి పట్టుదల ఎక్కువ. ఒక సిలిండర్‌కి ఎక్కువసేపు తిప్పి, ఇంకోదానికి తక్కువసేపు తిప్పితే ఆ అంకెల్ని పోల్చడానికి లేదు.

ఓఎం 616కి మంచి కంప్రెషన్ 22 నుంచి 24 బార్లు. 15 కంటే తగ్గకూడదు, సిలిండర్ల మధ్య తేడా 3 బార్లు మించకూడదు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు 22 చుట్టూ చూపించాయి. మూడోది 16. మొదటి పొద్దున సెల్ఫ్ చప్పుడులో ఆయనకి వినిపించిన తేలికదనం ఇప్పుడు అంకెగా సుద్దముక్క కింద పడింది.

కంప్రెషన్ తగ్గిందంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది రింగులు. రింగులంటే ఇంజన్ దించాలి, బోరు పని, వేల రూపాయలు. డ్రైవరు ముఖం వాడిపోయింది. మేస్త్రి వాల్వు కవర్ విప్పారు. గాలి జారిపోయే దారుల్లో అన్నిటికంటే సులువుగా చూడగలిగింది వాల్వే కాబట్టి ముందు దాన్ని చూడాలన్నది ఆయన లెక్క.

చల్లటి ఇంజన్‌కి ఇన్‌లెట్ వాల్వు కాడ పైన ఉండే సందు, అంటే గ్యాపు, 0.10 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌ది 0.30 ఉండాలి. ఫీలర్ గేజ్ ఆకులతో ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చారు. మూడో సిలిండరు ఎగ్జాస్ట్ దగ్గర 0.30 ఆకు దూరలేదు. 0.20 దూరలేదు. చివరికి పెట్టెలో ఉన్న అన్నిటికంటే పల్చటి ఆకు కూడా దూరలేదు. అంటే ఆ వాల్వు చలిలో పూర్తిగా మూసుకోవడమే లేదు.

ఎందుకిలా? ఎగ్జాస్ట్ వాల్వు ఏళ్ల తరబడి తన సీటు మీద కొట్టుకుంటూ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. అది లోపలికి దిగిన కొద్దీ దాని కాడ పైకి లేస్తుంది, గ్యాపు తగ్గుతుంది. తగ్గేకొద్దీ చప్పుడు కూడా తగ్గుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వదులు టాపెట్ టకటకమంటుంది, బిగుసుకున్న టాపెట్ మౌనంగా నష్టం చేస్తుంది.

మరి వేడెక్కాక ఎందుకు సర్దుకుంటోంది? జవాబు ఈ ఇంజన్ కొలతల్లోనే ఉంది. ఇదే గ్యాపు వేడి ఇంజన్‌కి 0.35 ఉండాలి, ఇన్‌లెట్‌కి 0.15. అంటే ఇంజన్ వేడెక్కితే గ్యాపు ఒక 0.05 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చలిలో రవ్వంత తెరుచుకుని ఉండిపోయిన వాల్వు, ఆ పెరిగిన గ్యాపుతో మూసుకోగలుగుతోంది. గోడలూ వేడెక్కుతాయి కాబట్టి మిగతా లోటు అక్కడ తీరుతుంది. పొద్దున కుంటి, పది గంటలకి మామూలుగా నడిచే ఆ వింతకి మూలం మిల్లీమీటర్లో ఇరవయ్యో వంతు.

గ్యాపు సరిచేయడం చూడముచ్చటగా ఉంది. ఇంజన్‌ని క్రాంక్ బోల్టు పట్టి, అది మామూలుగా తిరిగే దిక్కునే తిప్పారు. క్యామ్ బోల్టు పట్టి తిప్పితే అది వదులయ్యే ప్రమాదం ఉంది. క్యామ్ ముక్కు పైకి తిరిగినప్పుడు, వంపు తిరిగిన పద్నాలుగో నంబరు స్పానర్లతో లాక్ నట్టు వదులు చేసి, తలనట్టు తిప్పి, మళ్లీ లాక్ చేశారు. లాక్ చేసేటప్పుడు గ్యాపు వెంట్రుకవాసి కదులుతుందని ఆయనకి తెలుసు, అందుకే కదిలే మేరకి ముందే చోటు వదిలారు. బిగించాక మళ్లీ ఆకు దూర్చి చూశారు. ఆకు కొంచెం పట్టి జారాలి. తేలిగ్గా జారితే ఒప్పుకోలేదు, గట్టిగా లాగాల్సి వస్తే ఒప్పుకోలేదు. మిగతా ఏడూ అలాగే సరిచేశారు.

కవర్ మూసేముందు మళ్లీ గేజ్ పెట్టారు. మూడో సిలిండరు 21 చూపించింది. రింగులు బాగానే ఉన్నాయని ఆ అంకె రుజువు చేసింది. గ్యాపు సరిచేయకముందు, సరిచేశాక, రెండుసార్లూ కొలిచారు కాబట్టే ఈ మాట ధైర్యంగా చెప్పగలిగారు.

అప్పుడు, ఇంకా చల్లగానే ఉన్న ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టమన్నారు. హీటర్ లైటు ఆరగానే ఇంజన్ అందుకుంది. ఒక్క గుప్పెడు తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. నాలుగు దెబ్బలూ నాలుగు చోట్లా పడ్డాయి.

దాచకపోవడం

పని అయిపోయిందని నేను అనుకున్నాను. ఆయనకి ఇంకో పని మిగిలి ఉంది. ఐడ్లింగ్ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. ఇంతకుముందు ఎవరో పొద్దుటి వణుకు తెలియకుండా ఐడ్లింగ్ స్క్రూ తిప్పి పెంచేశారు. వేగం పెంచితే తప్పిన దెబ్బ చెవికి తక్కువ తెలుస్తుంది, లోపం మాత్రం లోపలే ఉంటుంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది. మేస్త్రి దాన్ని ఇంజన్‌కి చెప్పిన వేగానికి దించారు. తగ్గించిన వేగంలోనూ బండి నిలకడగా నడవడమే తన పనికి పరీక్ష అన్నారు.

డ్రైవరుతో కూడా ఏదీ దాచలేదు. "వాల్వు సీటు అరిగింది తమ్ముడూ. నేను గ్యాపు సరిచేశాను, అరుగుదల ఆపలేదు. పదివేలు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించు. అప్పటికి గ్యాపు బాగా తగ్గిపోయి ఉంటే హెడ్ దించి సీట్లు కోయించాల్సిందే. తగ్గకపోతే ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది" అన్నారు. తేదీ, కిలోమీటర్లు, ఎనిమిది వాల్వుల గ్యాపులు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బానెట్ లోపల అతికించారు. ఇంకో షెడ్డుకి వెళ్లినా ఆ మేస్త్రికి ఉపయోగపడాలని.

సామాను ఖర్చు వాషర్లు, రిటర్న్ పైపులు, కవర్ ప్యాకింగు. కూలి కూడా ఎక్కువ అడగలేదు, ఎందుకంటే మన దగ్గర కూలి లెక్క విప్పిన నట్లని బట్టి, మార్చిన సామానుని బట్టి ఉంటుంది. ఆలోచించిన పొద్దులకి ఆ లెక్కలో గడి లేదు. నాకు బాధ కలిగించింది ఈ ఒక్కటే. ఇంజన్ దింపించి వేలల్లో బిల్లు వేసే మేస్త్రికి ఎక్కువ డబ్బు వస్తుంది, ఇంజన్ దించనక్కర్లేదని తేల్చిన మేస్త్రికి తక్కువ వస్తుంది. ఈ లెక్క తప్పు.

పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకి నా మనవి ఇది. పొద్దున మొరాయించే బండిని మధ్యాహ్నం తీసుకెళ్లి చూపించవద్దు. ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదలండి, రాత్రి ఎవరూ స్టార్ట్ చేయకుండా చూడండి. ఎప్పుడు, ఎలా, ఏ రంగు పొగతో వస్తోందో గుర్తుపెట్టుకుని చెప్పండి. సామాను మార్చమని మీరే తొందరపెట్టకండి. ఏ సిలిండరు తప్పుతోందో తేల్చకముందే సామాను మార్చేవాళ్ల దగ్గర మీ డబ్బు నిలవదు. ముందు కొలిచి, తర్వాత విప్పే మేస్త్రి దొరికితే, లోపం కనిపెట్టినందుకు విడిగా డబ్బు ఇవ్వండి. ఆయన మీకు మిగిల్చిన ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.